ఉప్మా ఏకగ్రీవం

ఆ రోజుల్లో నాకు ప్రజాస్వామ్యమంటే ప్రాణం. (పద్దెనిమిదేళ్లు అప్పుడే నిండినవాళ్లకు వచ్చే జబ్బే అది.) ఇంట్లో అమెరికాలో పుట్టింది నేనొక్కదాన్నే కాబట్టి ఓటూ నాకొక్కదానికే ఉండేది, అమ్మానాన్నలు ఇంకా గ్రీన్‌కార్డు దగ్గరే ఉన్నారు. అంచేత ప్రైమరీ (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో పార్టీవాళ్లే ఓటేసి తేల్చుకునే ఎన్నిక) దగ్గరపడేకొద్దీ నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. నాన్న అడక్కుండానే కారు తాళాలిచ్చేవారు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యకైతే నాకన్నా ఎక్కువ హడావిడి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఎలక్షన్ డ్యూటీల్లో ఆరితేరిన మనిషి. "ఊళ్లోవాళ్లందరి వేళ్లకీ సిరా పెట్టాను గానీ, ఇంటి పిల్ల ఓటెయ్యడం చూసే యోగం ఇప్పటికి పట్టింది" అనేవారు. "ఇక్కడ ఇంక్ వెయ్యరు తాతయ్యా, స్టికర్ ఇస్తారు" అంటే, "ఊడిపోదుటే?" అని దిగులుపడ్డారు. అయినా పోలింగ్ బూత్ బయట మంచులో నిలబడడానికి బూట్లు కొనిపించుకున్నారు. పోలింగ్ మర్నాడే ఆయన తిరుగు ప్రయాణం.

తీరా ఒక ఆదివారం పొద్దున్న వార్త వచ్చింది. పోటీకి దిగుతారనుకున్నవాళ్లెవరూ దిగలేదు, ఉన్నది ఒక్కరే, కనుక మా రాష్ట్రంలో పార్టీ ప్రైమరీ రద్దు. నాకు ఏడుపొచ్చేసింది. "ఏకగ్రీవం అమ్మా, మన ఊళ్లో అయితే దండలేస్తారు. లైట్ తీస్కో" అన్నారు నాన్న. తాతయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు. "ఒక్కడే ఉంటే మాత్రం? వాడూ వద్దనుకుంటున్నారేమో జనాన్ని అడగొద్దుట్రా?"

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ, "మావయ్యగారూ, టిఫిన్‌కి ఉప్మా పెట్టేస్తున్నానండీ" అంది. (మా ఇంట్లో ఆదివారమంటే ఉప్మాయే, ఊహ తెలిసినప్పట్నుంచీ.) తాతయ్య నావైపు చూశారు. ఆయన కళ్లు మెరిశాయి. "స్టవ్ కట్టెయ్యమ్మా. ముందు పోలింగ్."

క్షణాల్లో రైస్ కుక్కర్ బ్యాలట్ పెట్టె అయింది. కావాలి, వద్దు, రెండే మాటలు. తాతయ్య నల్ల మార్కర్‌తో నా చూపుడువేలి మీద గీత గీశారు. చీటీలు విప్పితే నాలుగూ "వద్దు". మేం ముగ్గురం నేరస్తుల్లా అమ్మ వైపు చూశాం. నాలుగో చీటీ ఆవిడదే మరి. "మీరంతా ఇష్టంగా తింటున్నారనుకుని చేస్తున్నా. నాకసలు ఉప్మా అంటేనే పడదు" అంది అమ్మ, ఏళ్ల తరబడి ఎవరూ అడగనందుకు కోపంగా. ఆ పూట అందరం బ్రెడ్డు కాల్చుకుని పండగలా తిన్నాం.

ఎయిర్‌పోర్టులో తాతయ్య నా వేలు పట్టుకుని, గీత ఇంకా మిగిలుందో లేదో చూసుకుని మరీ లోపలికి వెళ్లారు. ఆ తర్వాత చాలాసార్లు ఓటేశాను, స్టికర్లన్నీ ఎక్కడో రాలిపోయాయి. మొన్న ఆదివారం నా పిల్లలు తలొంచుకుని బుద్ధిగా ఉప్మా తింటుంటే ఎందుకో తాతయ్య గుర్తొచ్చారు. నవ్వుకుంటూ లేచి, బల్ల మీదున్న మార్కర్ తీసి సొరుగులో దాచేశాను.