తెల్లనీళ్ల దగ్గర కాపలా

వరద డ్యూటీకి తెనాలి స్టేషన్లో దిగాం. లారీలో రేపల్లె దారి పట్టి, భట్టిప్రోలు దాటాక బోటెక్కాం. వాన వెలిసింది. ఎండ చుర్రుమంటోంది. మాది చేబ్రోలు. మా మిలిటరీ సెక్షన్లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా పంజాబీ హవల్దారు హిందీలో ఇచ్చే ఆర్డర్లు జనానికి తెలుగులో చెప్పడం నా పని.

కాలవకట్ట మీద ఒక ఊరంతా కూర్చుని ఉంది. పక్కనే పురుగుమందుల గోడౌను మునిగింది. డబ్బాలు పగిలి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఆ వాసనకు కళ్లు మండాయి.

ఆర్డరు ఒక్కటే. మంచినీళ్ల బోటు వచ్చేదాకా మనిషి గానీ గొడ్డు గానీ ఆ నీళ్లు ముట్టకూడదు. మా సీసాల్లోని నీళ్లు పిల్లలకే సరిపోయాయి. బోటు ఏమైందని హవల్దారు వైర్‌లెస్‌లో అడిగితే అవతల నుంచి జవాబొచ్చింది.

"బోటు ఇంజన్ ఆగిపోయింది. జనాన్ని ఆపండి. ఓవర్."

మధ్యాహ్నానికి వెంకయ్య అనే రైతు నా దగ్గరికొచ్చాడు. వెనక గేదె, దూడ.

"నిన్నట్నుంచి దీనికి గుక్కెడు నీళ్లు లేవు బాబూ. పాలిచ్చే గొడ్డు. ఆ చివర్న కాస్త తేటగానే ఉన్నాయి."

"మందు అంతటా కలిసింది బాబాయ్. వద్దు."

"నాకు చెప్పావు సరే. దానికెట్టా చెప్పేది?"

అంతలోనే గేదె పలుపు తెంచుకుని నీళ్లలోకి దిగింది. నలుగురం కర్రలతో మూతి మీద కొట్టాం. దెబ్బలు తింటూనే తాగింది. కట్టెక్కాక కాళ్లు వణికాయి. నోట నురగ వచ్చింది. పక్కకు ఒరిగి గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది.

దూడ పొదుగు దగ్గరికి వెళ్లింది.

"పొదుగుకంతా విషపు నీళ్లు అంటుకున్నాయి. దూడను లాగెయ్యమను," అన్నాడు హవల్దారు. చెప్పాను. దాన్ని కట్టడానికి తాడు లేదు, తెగిన పలుపు నీళ్లలో పోయింది.

సాయంత్రానికి బోటు వచ్చింది. మనుషులంతా బతికారు. దూడా బతికింది. వరద తీశాక బాపట్లలో రైలెక్కి యూనిట్‌కు వెళ్లిపోయాం. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. వరద డ్యూటీ ఎలా ఉంటుందని ఎవరడిగినా నాకు ఒకటే కనిపిస్తుంది.

వెంకయ్య చచ్చిన గేదె పొదుగు మీద బోర్లా పడుకుని ఉంటాడు. దూడ పాల కోసం ఆయన వీపును తలతో కుమ్ముతూనే ఉంటుంది.