ఒక్కొక్కరికి ఒక ఖర్జూరం

మా బడివాళ్ళు నాకు సన్మానం చేస్తామని ఫోన్ చేసినప్పుడు నేను రియాద్‌లో, మేడం వాళ్ళ వంటింట్లో కోడి కడుగుతున్నాను. చేతులు తడిగా ఉంటే మోచేత్తో స్పీకరు నొక్కాను.

“ఏమే, బతికున్నావా?” అంది అవతల్నించి మా సిస్టర్. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా వార్డెన్ ఆవిడే. ఇప్పుడు బాగా పెద్దదైపోయింది, అయినా ఆ గొంతు వింటే ఇప్పటికీ నా నడుం దానంతటదే నిటారుగా అవుతుంది.

“ఆయ్, బతికే ఉన్నాను సిస్టర్.”

“మన బడి జూబిలీ చేస్తున్నాం. ఇక్కడ చదువుకుని పైకొచ్చినవాళ్ళకీ, బడికి మేలు చేసినవాళ్ళకీ శాలువాలు కప్పుతాం. అందులో నువ్వూ ఉన్నావు.”

“నేనా? నేనేం పైకొచ్చాను సిస్టర్, రోజూ డాబా పైకెక్కి బట్టలారెయ్యడం తప్ప!”

“నోరు మాత్రం అలాగే ఉందే నీకు. నువ్వు దాతల్లో ఉన్నావు. ఖర్జూరాలు మర్చిపోయావా?”

మర్చిపోవడమా! గోదావరి లంకల్లో పుట్టిన పిల్లలం, మాకు తెలిసినవి ఈతపళ్ళు. గింజే తప్ప గుజ్జుండదు. మా ఆర్.సి.ఎం. హైస్కూలు హాస్టల్లో క్రిస్మస్ పూట పూజ అయ్యాక సిస్టర్ మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక ఖర్జూరం పెట్టేది. ఒక్కటే. హిందువుల పిల్లలం, కిరస్తానీ పిల్లలం, అందరం అదే వరస. ఆ పండు నేను ఎంత మెల్లగా తిన్నా ప్రార్థన గంటకి ముందే అయిపోయేది. గింజ మాత్రం బుగ్గలో దాచుకునేదాన్ని. ఓసారి జపమాల చెప్తుంటే సిస్టర్ పట్టుకుంది. “బుగ్గలో ఏంటే?” అంటే “గింజండీ” అన్నాను. ఉమ్మెయ్యమంటుందనుకుంటే, “సరే, పడుకునేటప్పుడు మింగెయ్యకు” అని ముందుకెళ్ళిపోయింది. అందుకే నాకు ఆవిడంటే అంత ప్రాణం.

అలాంటిదాన్ని ఈ దేశం వచ్చి పడ్డాను. ఈ ఇంట్లో నా పని ముఖ్యంగా మేడం వాళ్ళమ్మని చూసుకోవడం. ఇంటి పెద్దావిడని ఇక్కడ మామా అంటారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఖసీం అనే వైపు వాళ్ళకి ఖర్జూరపు తోట ఉంది. నేను వచ్చిన మొదటి ఏడు కాయ దిగే రోజుల్లో అట్టపెట్టెలు వచ్చి పడ్డాయి, వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకటి చిరిగి పళ్ళు నేలమీద దొర్లితే, డ్రైవరు వాటిని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మామా భయపడిపోయింది. అప్పటికి నాకు వచ్చిన అరబీ అంతంత మాత్రం. పిల్లలు, వరస, ఒక్కొక్కరికి ఒకటి, గింజ బుగ్గలో, అని చేతులతో, కళ్ళతో చెప్పాను. ఆవిడకి ఎలా అర్థమైందో ఏమో అర్థమైంది. ఆ ఏటి నించి ఏటా మంచి పెట్టెలు కొన్ని తనే ఏరి పక్కన పెట్టించేది, “ఇవి నీ పిల్లలవి” అనేది. మా వైపు వెళ్ళేవాళ్ళు ఎవరు దొరికితే వాళ్ళ నెత్తిన పెట్టేదాన్ని. “అక్కా, నా సామాన్లే ఎక్కువైపోయాయి” అని గొణిగేవాళ్ళు. “నీ చొక్కాలు నాలుగు తీసెయ్, ఊళ్ళో ఎవరు చూడొచ్చారు నీ సింగారం” అనేదాన్ని. హాస్టల్లో నాకు ఖర్జూరాల అక్క అని పేరు పడిపోయింది.

“సన్మానం రోజు నీ బదులు నీ కూతురు స్టేజీ ఎక్కుతుందిలే,” అంది సిస్టర్. మా అమ్మాయి ఇప్పుడు అదే హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. మా ఆయన రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా, ఆడపిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేం. “నీ గురించి చదవడానికి రెండు ముక్కలు చెప్పు. అక్కడ ఏ పని చేస్తున్నావని చదవమంటావు?”

“రేపు చెప్తా సిస్టర్, కోడి పాడైపోద్ది,” అని పెట్టేశాను. చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. ఆ సంతోషం ఆ ఒక్క రోజూ నా దగ్గరే ఉంచుకుందామని, అంతే.

ఆ ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసింది. సన్మానం సంగతి ఎత్తుతుందేమో అని చూశాను. అది ఎత్తలేదు, నేనే ఎత్తాను.

“అమ్మా,” అంది. “నువ్వు నర్సువని చెప్పమను.”

“నర్సేంటే?”

“నేను అందరికీ అదే చెప్పేను. ఇప్పుడు మైకులో వేరేది చదివితే నా పరువు పోద్ది. ప్లీజ్ అమ్మా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏం, నేనేమన్నా దొంగతనం చేస్తన్నానా? నువ్వు తినే తిండి, కట్టే బట్ట, ఆ చదువు, ఏ పనితో వచ్చాయనుకున్నావు?” అని ఇంకా ఏమేమో అన్నాను. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. “వద్దులే అయితే” అని పెట్టేసింది. ఆ ముక్కే నన్ను కోసేసింది.

తర్వాత నాలుగు రోజులు ఏ పని చేస్తున్నా అదే. బియ్యం కడుగుతుంటే అదే, వీళ్ళ గావా కాఫీ ఫ్లాస్కు నింపుతుంటే అదే. నా కూతురికి నేనంటే సిగ్గు. కోపం రావడం, వెంటనే జాలి రావడం. పదమూడేళ్ళ పిల్ల, తోటి పిల్లల్లో తల దించుకుని తిరగాలంటే ఎంత కష్టం! నా పరువుదేముంది, ఇక్కడ నన్నెవరు చూడొచ్చారు? చివరికి నేనే సిస్టర్‌కి ఫోన్ చేసి, “నర్సు అని చదివెయ్యండి” అన్నాను.

“మరియమాత బొమ్మ ముందు నిలబడి నన్ను అబద్ధం చదవమంటావా?”

“నా కోసం కాదు సిస్టర్, పిల్ల కోసం.”

“నీ పని సంగతే చదవనులే. మన పూర్వ విద్యార్థిని, సౌదీ నించి ఏటా పిల్లలకి ఖర్జూరాలు పంపిస్తోంది అంటాను. అందులో అబద్ధం లేదు. సరేనా?”

గండం గడిచిందనుకున్నాను. పిల్లకి కూడా చెప్పించాను, భయపడొద్దని.

సన్మానం వాళ్ళకి సాయంత్రం. మాకు మధ్యాహ్నం భోజనాలైన వేళ. ఆ వేళకి రోజూ మామాకి స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వుతాను. గోరింటాకు పెట్టీ పెట్టీ ఎర్రబడ్డ జుట్టు, పల్చన. దువ్వెన ఎక్కడన్నా చిక్కుకుంటే “శ్వయ్ శ్వయ్, యా బింతి” అంటుంది. మెల్లగా తల్లీ అని. మా అమ్మాయితో వీడియోలో మాట్లాడేదీ ఎక్కువగా ఆ వేళే కాబట్టి, దానికి ఆ మాట కూడా కంఠతా వచ్చు.

ఆ రోజు ఫోన్‌ని ఫ్లాస్కుకి ఆనించి పెట్టాను. అక్కడ ఫోన్ పట్టుకున్నది హాస్టల్ వంటామె, నాతో పాటు చదువుకున్నదే. దానికి ఫోన్ పట్టుకోవడం రాదు. కాసేపు షామియానా చూపించింది, కాసేపు మైకు సెట్టువాడిని చూపించింది. “స్టేజీ చూపించవే తల్లీ!” అని ఇక్కణ్ణించి అరిచాను. అదెక్కడ వింటుంది, బ్యాండు మోగుతోంది.

ముఖ్య అతిథి ఒక డాక్టరు గారు, మా బడిలో చదువుకున్నవాడే. ముందు ఆయనకి శాలువా కప్పారు. తర్వాత బడికి స్థలం ఇచ్చిన వాళ్ళ కుటుంబానికి. తర్వాత సిస్టర్ నా పేరు చదివింది, అన్న మాట ప్రకారం ఖర్జూరాల సంగతి మాత్రమే చెప్పింది. హాస్టల్ పిల్లలు ఈలలు వేశారు, సిస్టర్ కళ్ళెర్రజేసింది. మా అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు, ఒక జడ చెవి పైకి, ఒకటి చెవి కిందికి. శాలువా కప్పితే మనిషి అందులో మునిగిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. దిగిపోతుందిలే, అయిపోయిందిలే అనుకున్నాను.

డాక్టరు గారు మైకు అందుకున్నాడు. మంచివాడే పాపం, ముద్దుకే అడిగాడు. “బంగారుతల్లీ, ఇంత మంచి అమ్మగారు, అక్కడ ఏం చేస్తారమ్మా?”

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. చెప్పెయ్యవే, నర్సనే చెప్పెయ్, నేనేం అనుకోను అని లోపల్లోపల బతిమాలుకున్నాను. అది మైకు వంక చూసింది. సిస్టర్ వంక చూసింది.

“మా అమ్మ ఒక మామ్మగారిని చూసుకుంటారండి,” అంది. “నీళ్ళు పోస్తారండి. అన్నం తినిపిస్తారండి. మందులేస్తారు. రోజూ తల దువ్వి జడేస్తారండి.”

“చాలా మంచి పనమ్మా,” అన్నాడు డాక్టరు గారు. అక్కడితో వదిలేస్తే బాగుండు. మా పిల్లే వదల్లేదు.

“నర్సని నేనే అందరికీ అబద్ధం చెప్పేనండి. నర్సయితే ఆస్పత్రిలో అందరికీ చేస్తారు కదండీ. ఒక్క మామ్మగారికే అంటే నాకు ఏడుపొచ్చేస్తాదండి. మా అమ్మ నాకు జడేసి... నేనప్పుడు నాలుగో తరగతండి.”

తర్వాత నాకు వంటామె చెప్పులు మాత్రమే కనిపించాయి, ఏడుస్తూ ఫోన్ కిందికి దించేసింది. ఆపైన లైను పోయింది.

సిగ్గు కాదు. నా కూతురికి నేనంటే సిగ్గు కాదు, దేవుడా! కోపం. దాని తలకి పెట్టాల్సిన చేతులు ఇంకో తల మీద ఉన్నాయని కోపం. ప్రతి ఆదివారం వీడియోలో చూస్తూ, నవ్వుతూ, “మామ్మగారికి పాపిడి వంకర పోయిందమ్మా” అంటూ ఆ పిల్ల ఎంత దిగమింగుకుందో. పోయిన వేసవికి వస్తానని మాటిచ్చాను. సరిగ్గా అప్పుడే మామా స్నానాలగదిలో జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. మేడం నా చేతులు పట్టుకుంది, ఉండిపోయాను. “పర్లేదమ్మా” అంది మా అమ్మాయి అప్పుడు. పర్లేదంటే పర్లేదనే అనుకున్నాను నేను.

“ఎష్ ఫీ?” ఏమైందని అడిగింది మామా. కళ్ళు తుడుచుకుని జడ అల్లడం మొదలుపెడితే నా మణికట్టు పట్టుకుంది. ఇంక దాచలేదు. “నా కూతురికి నీ మీద కోపం,” అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ నా మణికట్టు వదిలింది. “పిల్లకి కోపం రావాల్సిందే,” అంది. తర్వాత నేను సగం వేసిన జడ తనే వేళ్ళతో విప్పేసుకుని, “దాన్ని పిలు,” అంది.

అప్పుడే మేడం వచ్చింది. నాకు సెలవు కావాలన్నాను. ఇదివరకు ఎప్పుడూ అడిగేదాన్ని, ఈసారి చెప్పాను. రమదాన్ వెళ్ళగానే టికెట్టు, అప్పటికి ఇంకో మనిషిని చూసుకోండి, నేను నేర్పించి వెళ్తాను అన్నాను. మేడం వాళ్ళమ్మ వంక చూసింది. మామా తల ఊపింది. “ఇన్షా అల్లా,” అంది మేడం, దేవుడు తలిస్తే అని. ఆ మాట ఈ ఇంట్లో చాలాసార్లు విన్నాను కానీ, మామా తల ఊపగా వినడం ఇదే మొదలు.

సిస్టర్ ఫోన్‌కి చేశాను. సభ అయిపోయి హాస్టల్‌కి వచ్చేశారట. మా అమ్మాయి మొహం చూపించలేదు, ఫోన్‌కి వీపు పెట్టి కూర్చుంది. రిబ్బన్లు ఊడదీసి జుట్టంతా విరబోసుకుంది. ఎంత పెరిగిందో జుట్టు! నేను ఊరొదిలి వచ్చినప్పుడు భుజాల దాకా ఉండేది.

“కోపమా?” అన్నాను.

“ఊఁ.”

“నేనొచ్చేదాకా ఉంచుకో కోపం. నా ఎదురుగా కూచుని తిట్టుదువు గాని. రమదాన్ వెళ్ళగానే వత్తన్నాను.”

“నిజంగానా? పోయినసారీ ఇలాగే అన్నావు.”

“మామ్మగారు కూడా వెళ్ళమన్నారు. కావాలంటే అడుగు.” మామాకి ఏం అర్థమైందో గాని ఫోన్‌కేసి చెయ్యి ఊపింది. మా అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ అటు తిరిగింది. మామా నా దువ్వెన చూపించి, తన తల చూపించి, ఫోన్ చూపించింది. అప్పటికి నాకు వెలిగింది ఆవిడ జడ ఎందుకు విప్పుకుందో.

“ఇలా విను,” అన్నాను. “నేను మామ్మగారికి ఎలా వేస్తన్నానో నువ్వూ అలా వేసుకో. మధ్యకి పాపిడి తియ్యి. చెవి పక్కనించి పట్టుకో. మూడు పాయలు చెయ్యి.”

దాని వేళ్ళు జుట్టులోకి వెళ్ళాయి. నా వేళ్ళు మామా జుట్టులో ఉన్నాయి. సిస్టర్ పక్క మంచం మీద కూర్చుని చూస్తోంది.

“ఇటు పాయ మధ్య దాని మీదికి. ఇప్పుడు అటుది. బిగువుగా లాగు, లేకపోతే మళ్ళీ ఒకటి పైకీ ఒకటి కిందికీ పోద్ది. ఊఁ, ఇంకొంచెం లాగు.”

“అబ్బా, మెల్లిగా అమ్మా!” అంది నా కూతురు. “నొప్పెడుతోంది.”

“సరే సరే, మెల్లిగానే వేస్తాలే,” అన్నాను.