నిన్న మణి ఎదురొచ్చింది

మణి లేదట.

నిన్న పొద్దున్నే పూలు కట్టుకుంటుంటే ఆటో స్టాండ్ సూరిబాబు ఫోన్ చేశాడు. "అక్కా, మన మణక్క పోయిందండీ. గుండెల్లో నొప్పంటే నా ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళానండీ. దారిలోనే అయిపోయింది."

"ఏ మణి?" అన్నాను.

యానాం మొత్తంలో నాకున్న మణి ఒక్కతే. అయినా అలా అడిగాను.

మొన్న సాయంత్రమే మార్కెట్ దగ్గర నా పక్కన ఆటో ఆపింది. "ఏవే సుజాతా, రేపు పిల్లకి తాంబూలాలంట కదా! నాకు చెప్పలేదేంటే దొంగమొహందానా?" అని నవ్వింది.

హడావిడిలో మర్చిపోయానన్నాను. మర్చిపోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మెట్టకూరులో మాది ఒకే వీధి, ఒకే బడి, ఒకే బెంచీ. పెళ్ళయిన మూడో ఏడు మణి మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి మళ్ళీ రాలేదు. చంకలో పిల్లాడు. మొగుణ్ణి మింగేసిందని అత్తింటివాళ్ళు బయటికి గెంటేశారు.

గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. పొద్దున్నే దాని మొహం చూడాల్సొస్తుందని జనం తలుపులు వేసుకునేవాళ్ళు.

తర్వాత ఆటో నేర్చుకుంది. ముండమోపి ఎదురుగా ఉంటే బోణీ అవదని స్టాండ్‌లో మగాళ్ళు లైన్‌లో పెట్టనివ్వలేదు. దూరంగా ఎండలో పెట్టుకునేది. వాళ్ళ బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళకి నొప్పులొస్తే కాకినాడ పరుగెత్తించింది. మెల్లగా వాళ్ళే "అక్కా" అన్నారు. కొడుకు చిన్నాని చదివించి కాకినాడలో ఉద్యోగస్తుణ్ణి చేసింది.

కానీ ఎక్కేవాళ్ళని ముందు తనే అడిగేది. "మంచి పనికాండీ? అయితే వెనకాల సూరిబాబు బండెక్కండి. నాది ఆసుపత్రులకి స్పెషలండీ, ఆయ్."

అందరం నవ్వేవాళ్ళం. నేనూ, సిగ్గు లేకుండా.

మా కీర్తి ఎనిమిదో క్లాసులో ఉండగా గోదారి వీధుల్లోకి వచ్చేసింది. పిల్లకి డెంగ్యూ. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి, ఏ బండీ రానంది. మణి ఆటోని మెయిన్ రోడ్డు మీద వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి పిల్లని భుజాన వేసుకుంది. నేను ఏడుస్తుంటే "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు గొడుగు పట్టవే" అని కసిరింది. పిల్ల కోలుకునేదాకా ఆసుపత్రి వరండాలోనే పడుకుంది. మా అత్తయ్యగారు దాని చేతులు రెండూ పట్టుకుని "దేవతవే తల్లీ" అన్నారు.

అదే కీర్తి టెన్త్ పరీక్షకి బయల్దేరిన రోజు, ఎవరైనా ముత్తయిదువ ఎదురొస్తుందని గేటు దగ్గర నిలబడ్డాం. అప్పుడే మణి ఆటో వీధిలోకి తిరిగింది. మమ్మల్ని చూసింది. అంత సన్నటి సందులో, మెడ వెనక్కి తిప్పి, చివరిదాకా రివర్స్ చేసుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రం ఫోన్ చేసి పిల్ల బాగా రాసిందా అని అడిగింది. నేను ఆ రివర్స్ ఊసే ఎత్తలేదు.

ఇక నిన్నటి సంగతి.

కీర్తికి ఇదివరకు రెండు సంబంధాలు ఆఖరి నిమిషంలో తప్పిపోయాయి. ఇంట్లో అందరికీ భయం. ఒక్కసారి మణిని చూసొస్తానన్నాను. "శుభమా అని తాంబూలాలకి వెళ్తూ శవం దగ్గరికేంటమ్మా? వచ్చాక వెళ్దువుగాని" అన్నారు అత్తయ్యగారు.

పట్టుచీర కట్టుకున్నాను.

అమలాపురం వెళ్ళాలి. మధ్యాహ్నం కారు మా వీధి మలుపు తిరిగేసరికి డప్పులు వినిపించాయి. ముందు సీట్లోంచి అత్తయ్యగారు రెండు చేతులూ జోడించారు. "శవం ఎదురొచ్చింది! ఇంకేం కావాలి, దివ్యమైన శకునం. పని అయిపోయినట్టే!"

నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. గుండె తేలికపడింది. ఒక్క క్షణం నిజంగా సంతోషం వేసింది. రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ వేసింది.

అప్పుడు ఆటోలు కనిపించాయి. పాడె వెనకాల మణి ఆటో, దానికి బంతిపూల దండ, నడుపుతున్నది సూరిబాబు. దాని వెనక స్టాండ్ ఆటోలన్నీ. సూరిబాబు నన్ను చూశాడు. పట్టుచీరలో, కార్లో, దణ్ణం పెడుతున్న నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"అమ్మా, మణి పిన్ని! కారు ఆపమను, దిగుదాం" అంది కీర్తి.

దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టాను. "టైం అయిపోతోంది" అన్నాను.

తాంబూలాలు ఏ అడ్డూ లేకుండా జరిగాయి. తిరిగొస్తూ దారి పొడుగునా అత్తయ్యగారు చుట్టాలందరికీ ఫోన్ చేసి ఆ శకునం గురించే చెప్పారు. శవం అన్నారు కానీ, ఎవరిదో చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు.

"కీర్తికి కుదిరిందాండీ పిన్నీ? అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. 'రేపు పిన్నీవాళ్ళు శుభకార్యానికి వెళ్తున్నారు, నేను ఇల్లు కదలన్రా, ఎక్కడ ఎదురుపడతానో' అని."

కుదిరిందని చెప్పాను.

మణీ, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మా ఇంట్లో అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారే. ఎదురొచ్చి మంచి చేసిందంటున్నారే. దానికోసం నువ్వు చచ్చిపోవాల్సొచ్చింది.

వెళ్ళిరా తల్లీ. నువ్వెళ్ళిన చోట నిన్ను చూసి ఎవరూ గుమ్మంలోనే ఆగిపోకుండా ఉండాలి. నీ మనసు చల్లగా ఉండాలి.