చైనా చాయ్ డబ్బాల మీద నేను మార్చిన చీటీలు

ఆ శుక్రవారం నేను చైనా బజారుకు బయల్దేరింది కుళ్లుతోనే, దాచుకోవడం ఎందుకు? దుబాయ్ అల్ ఖూజ్‌లోని మా కూలీల క్యాంపు గదిలో అందర్నీ నవ్వించేది నేను. 2006లో నా పక్క మంచం గంగారాం సెలవు రోజుల్లో హత్తా రోడ్డు మీది చైనా బజారుకు వెళ్లి, లిన్ అనే ముసలాయన చాయ్ దుకాణంలో సాయం చేయడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చి పాతకాలపు చైనా గురువుల సంగతులు చెప్పేవాడు. పేరుకు తగ్గట్టు మనిషి నడవకపోతే రాజ్యం కూడా చెడుతుందని ఒకాయన అన్నాడట. పేరు మనుషులు ఒప్పుకుని తగిలించిందే తప్ప వస్తువుతో పుట్టింది కాదని ఇంకొకాయన. గదంతా నోరు తెరుచుకుని వినేది. నా జోకులు ఖలాస్.

"అన్నా, నువ్వు గూడ రా, లిన్ చాచాను జూద్దువు" అన్నాడు గంగారాం. మధ్యాహ్నం రెండింటికి బర్ దుబాయ్ బస్సెక్కాం, అక్కడ ఒక దిర్హమ్‌కు పడవలో క్రీక్ అనే ఉప్పునీటి పాయ దాటాం, అవతలి ఒడ్డు దేరాలో ఇంకో ఇద్దరితో కలిసి టాక్సీ మాట్లాడుకున్నాం. పెషావర్ డ్రైవరు ఏం పని చేస్తారని అడిగాడు.

"లేబర్ కార్డు మీద ప్లంబర్, చేసేది వంట" అన్నాడు గంగారాం హిందీలో.

డ్రైవరు నవ్వాడు. "నా కార్డు మీద డ్రైవరే భాయ్. మా చిన్నోడు మాత్రం ఫోన్ చూపించి ఇదే మా నాన్న అంటాడట. వాడికి నేను ఫోన్‌నే."

నాలుగు దాటాక చేరాం. దుకాణంలో డబ్బాల మీద చైనా అక్షరాల కింద గంగారాం తెలుగు చీటీలు అంటించి ఉన్నాయి. ముసలాయన వాడి భుజం మీద చెయ్యి వేసి "మేరా బేటా" అన్నాడు, నా కొడుకని. గంగారాం కెటిల్ నింపడానికి వెళ్లగానే, ముసలాయన చూడకుండా మల్లెపూల చాయ్ చీటీనీ పొగ వాసన చాయ్ చీటీనీ అటూ ఇటూ మార్చేశాను.

కాసేపటికి ఒక గిరాకీ మల్లెపూల చాయ్ అడిగింది. చైనా అక్షరాలు రాని గంగారాం హడావుడిలో చీటీ చూసి, రుచికి ఒక కప్పు కాచి పోశాడు. ఆమె ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి వెళ్లిపోయింది. లిన్ డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"కిస్నే కియా?" ఎవరి పనని అడిగాడు.

గంగారాం నా వంక చూశాడు. అంతా అర్థమైంది వాడికి. "నేనే చాచా, తప్పు రాసిన" అన్నాడు హిందీలో. ముసలాయన ఇక ఈ పని నీకొద్దన్నట్టు వాడి చేతిలోంచి చాయ్ ఆకు కొలిచే చెంచా తీసుకున్నాడు.

తిరుగు పడవలో నేనే కదిలించాను. "నా పేరెందుకు చెప్పలేదురా?"

"అన్నా అని పిలుస్తున్న గదా. ఆ పేరు నీకు నేనే పెట్టిన. తీసేయ మనసొస్తలేదు."

మరుసటి శుక్రవారం ఒక్కడినే వెళ్లి లిన్‌తో నిజం చెప్పాను. ఆయన ఆ చెంచా నా చేతిలో పెట్టి, "దే దో ఉస్కో" అన్నాడు, వాడికిచ్చెయ్యమని. గదికి తిరిగొచ్చి దాన్ని గంగారాంకు ఇచ్చాను. నా కుళ్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ వాడు అన్నా అన్నప్పుడల్లా, ఆ పిలుపుకు తగ్గ పని ఇవాళ ఏం చేశానా అని చూసుకుంటున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట: శుక్రవారం నమాజు వేళ దుకాణాలు మూసి ఉంటాయి, సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. చాయ్ కొనేముందు మూత తీయించి వాసన చూడండి, నాలాంటివాళ్లు వచ్చిపోతుంటారు.