బండి మోత, బాపు చెయ్యి

ఆఫీసులో ఒకాయనకు బదిలీ అయితే ఆయన పాత మోటార్‌సైకిల్ నేను కొన్నాను. లాల్‌పేట్ నుంచి ఊర్జానగర్‌కు రోజూ షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లడం నా వల్ల కాలేదు. ఆడపిల్లవు, స్కూటీ కొనుక్కోరాదా అని మా వీధి వీధంతా సలహా ఇచ్చింది. సలహాలంటే నాకు ఒళ్లు మంట. బండి తెచ్చి ఇంటి ముందు దర్జాగా నిలబెట్టాను. మూడో రోజు నుంచి అది మోగడం మొదలుపెట్టింది.

ఎక్సిలరేటర్ ఒక మాదిరిగా తిప్పితే కింద ఎక్కడో టణటణటణ. ఇంకొంచెం తిప్పితే మాయం. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏమీ ఎరగనట్టు నిలబడేది. "ఆవాజ్ ఆలా కీ ఆణా తాయీ" అన్నాడతను మరాఠీలో నవ్వుతూ, మోత వచ్చినప్పుడే తెమ్మని.

"మెకానిక్ ఎందుకు, నేను లేనా?" అన్నాడు మా బాపు.

బాపు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. లోపల ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు పనిచేయొచ్చో లేదో చెప్పడం ఆయన పని. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా పలికితే అందరూ వెనక్కి. ఇప్పటికీ పాత గనివాళ్లు బజార్లో ఎదురైతే "నీ చెవులే మమ్మల్ని బతికిచ్చినయ్ అన్నా" అంటారు. ఆ మాట విన్న రోజు బాపు ఒక ముద్ద ఎక్కువ తింటాడు.

ఆదివారం పొద్దున బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను ఎక్సిలరేటర్ తిప్పాను.

"ఎట్ల మోగుతుందో నువ్వు చెప్పు బిడ్డా, సూద్దాం."

నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. నోటితో టణటణ అని చూపించాను.

"గట్ల మోగుతుందంటే గట్టిగున్నట్టే గదా!"

బండికి గని న్యాయం! మోటార్‌సైకిల్లో మోగేదే వదులైందని అరగంట వాదించాను. ఆ వారం చైన్ అన్నాడు, బిగించాం. తర్వాతి వారం ఇంజన్లో ట్యాపెట్లు అన్నాడు, అవీ సరిచేశాం. మోత మాత్రం మాతోనే ఉంది.

మూడో ఆదివారం ఒక సంగతి గమనించాను. బాపు ఇంజను వైపు చూడటం లేదు, నా ముఖం చూస్తున్నాడు. మోత రాగానే నా కనుబొమలు ముడిపడేవి, ఆ వెంటనే ఆయన "ఆ, వచ్చింది" అనేవాడు. ఏదో అనుమానం. ఎక్సిలరేటర్ బాగా తగ్గించాను. మోత లేదు. ఊరికే ముఖం చిట్లించాను.

"ఆ, వచ్చింది సూడు!" అన్నాడు బాపు వేలెత్తి.

బండి ఆపేశాను. మా ఇంట్లో అందరం అరుచుకుంటూనే మాట్లాడుకుంటాం, గనివాళ్ల ఇళ్లు చాలావరకు అంతే. అందుకే ఆయనకు సరిగ్గా వినబడదని ఇన్నాళ్లూ తెలియలేదు. అలా నాటకం ఆడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"బాపూ, ఇప్పుడు మోగలే. నేను ఉత్తగనే మొఖం పెట్టిన."

ఆయన లుంగీకి చేతులు తుడుచుకున్నాడు.

"పెద్ద సప్పుళ్లు ఇనబడ్తయ్. సన్నయి ఇనబడవు. గనిల ఆఖరి రెండేండ్లు గూడ గంతే."

"మరి పైకప్పు?"

"ఒక చెయ్యి రాయికి ఆనిచ్చి, ఇంకో చేత్తోని తట్టేటోణ్ని. వదులున్న రాయి చెయ్యి కింద వణుకుతది. ఒక్కనికి దెబ్బ తగలనియ్యలే బిడ్డా. కానీ అందరు నీ చెవులు, నీ చెవులు అంటుంటే ఎట్ల చెప్పాలె?"

బండి మళ్లీ స్టార్ట్ చేసి, మోత వచ్చే చోట ఎక్సిలరేటర్ నిలిపి, "పట్టుకొని సూడు బాపూ" అన్నాను. ట్యాంకు, మడ్‌గార్డ్, చైన్ కవర్, ఒక్కొక్కటే తడుముతూ వచ్చాడు. పడితే కాళ్లకు దెబ్బ తగలకుండా ముందు ఉంటుంది కదా లెగ్ గార్డ్, దాని మీద చెయ్యి ఆగింది. "గిదే." కింద బోల్టు సగం ఊడి ఉంది. స్పానర్‌తో బిగించి మళ్లీ చెయ్యి ఆనించాడు. మోత ఆగిందని నేను చెప్పకముందే నవ్వాడు.

చెవుల డాక్టరు మాట ఎత్తితే మాత్రం కస్సుమన్నాడు. చెవికి మిషన్ పెట్టుకుని బజార్లోకి వెళ్తే గనివాళ్లు ఏమనుకుంటారో అని ఆయన దిగులు. జీవితంలో మొదటిసారి నేను వాదించలేదు. వారం తర్వాత ఒక పొద్దున తనే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి బండెక్కి కూర్చున్నాడు. "నడువు" అన్నాడు.

దారిలో అలవాటుగా వాగుతున్నాను. బాపు నా వీపు మీద అరచెయ్యి ఆనించాడు. పడిపోతానని భయమేమో అనుకుని బండి నెమ్మది చేసి, తిరిగి చూశాను.

"చెయ్యి పెడితే నువ్వు మాట్లాడుతున్నవని తెలుస్తది" అన్నాడు. "ఏమంటున్నవో తెల్వది. ఊకోకు బిడ్డా, మాట్లాడుతనే ఉండు."

ఆస్పత్రి వచ్చేదాకా నోటికొచ్చిందల్లా మాట్లాడాను. ఆ ఆదివారం ముఖం పెట్టి మోసం చేసినందుకు తప్పయిపోయిందని కూడా చెప్పాను. చెయ్యి వీపు మీద అలాగే ఉంది.