లెక్క అయ్యేదాకా ఎవరూ కదలొద్దు

మా ముత్తాతగారి తండ్రి, మా ముత్తాతగారు, మా తాతగారు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పాతబస్తీలో ఒక నవాబుగారి దేవిడీలో, అంటే ఆయన మహల్లో, తోషాఖానా దారోగాలు. తోషాఖానా అంటే ఖిల్లతులనే సన్మాన వస్త్రాలూ, శాలువలూ, వెండి అత్తరుదానులూ భద్రపరిచే కొట్టు. దారోగా అంటే దాని మీద అధికారి. (గుమాస్తా కాదు. ఈ తేడా తెలియనివాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, అది వేరే బాధ.) వాళ్ళ కాలంలో లెక్కకు ఒక మర్యాద ఉండేది. నెలకొకసారి తలుపులు మూయించి, 'గిన్తీ హోరై, హిలో నక్కో' అని ఒక కేక వేయించేవారట. లెక్క జరుగుతోంది, కదలొద్దు అని. ఆ కేక పడ్డాక నౌకర్లే కాదు, దివాన్‌గారు సైతం ఎక్కడివారక్కడ నిలబడేవారని మా ఇంట్లో చెప్పుకుంటారు. మమ్మల్ని ఊరంతా గిన్తీవాలే అనేది. మేము దాన్ని బిరుదుగానే తీసుకున్నాం.

జాగీర్లు రద్దయ్యాక తోషాఖానా పోయింది, ఇంటి వెనక గుర్రపుశాలలో గుర్రమూ పోయింది, కానీ తాతగారి అలవాటు పోలేదు. నా చిన్నప్పుడు ఆయన ప్రతి నెలా మా ఇంట్లోని రాగి, ఇత్తడి సామాను లెక్కపెట్టేవారు. తలుపులు మూసుకునేవి, కేక పడేది, అందరం బిగుసుకుపోయేవాళ్ళం. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి పావుగంట నిలబడిన రోజులు నాకున్నాయి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మా అవ్వ మసిగుడ్డ చేతిలో పట్టుకుని, దించే వీలు లేక, చూస్తూ నిలబడేది. "మీ లెక్క సల్లగుండ, పిల్లలకు చాయ కూడ లేకపాయె" అనేది తర్వాత. తాతగారు వినిపించుకునేవారు కాదు. లెక్క సరిపోయింది, అది చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి ఉద్యోగంలో నాకు అప్పగించిన పని కూడా లెక్కే. మూసీకి అవతల, అద్దాల మేడలో ఒక కంపెనీ. అక్కడ ఒక పెద్ద కంప్యూటరులో ముప్పై దాకా ఉత్తుత్తి కంప్యూటర్లు అద్దెకున్నవాళ్ళలాగా నడుస్తుంటాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. వాటన్నిటినీ సంభాళించేది కర్నెల్. ఏ మెషీను ఎన్నిసార్లు దాని తలుపు తట్టింది, ఎంతసేపు తన వంతు కోసం కాచుకుంది అన్నది కర్నెల్‌కు మాత్రమే తెలుసు. మామూలు ప్రోగ్రాములు యూజర్‌స్పేస్ అనే బయటి వాకిట్లో ఉంటాయి, వాటికి లోపలికి ప్రవేశం లేదు. లోపలి లెక్కను ఒక ఫైలు రూపంలో ఆ వాకిట్లోకి తెచ్చిపెట్టాలి, ఎవరు తెరిచినా తాజా అంకెలు కనబడాలి. ఆరు నెలల్లో ఆ పని ఒప్పుదలైతేనే నా నౌకరీ పక్కా. వంశపారంపర్యంగా వచ్చిన పనికి ఈ పరీక్షేమిటని నాకు అప్పుడే కోపం వచ్చింది.

పని మొదలుపెట్టాక కోపం రెట్టింపైంది. మొదటి మెషీను అంకె చదివి చివరిదానికి చేరేలోపు మొదటిది మారిపోయి ఉండేది. విడివిడి అంకెలు కూడితే మొత్తంతో పొసగదు. ప్రపంచంలో ఇంతమంది ఇలాంటి అంకెల్ని చూసి ఊరుకుంటున్నారా అని నాకు ఆశ్చర్యం కాదు, అసహ్యం వేసింది. అందుకని నా ప్రోగ్రాములో ఒక ఏర్పాటు చేశాను. ఎవరైనా ఆ ఫైలు తెరవగానే మెషీన్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోవాలి, లెక్క పూర్తయ్యాకే కదలాలి. నా బల్ల మీద రెండు మెషీన్లతో చూసుకున్నాను. కనురెప్పపాటు ఆగి, లేచి నడిచాయి. లెక్క ముత్యంలా సరిపోయింది.

ప్రదర్శన రోజున కోటు వేసుకుని వెళ్ళాను. (మే నెల.) మా బృందానికి పెద్ద, మలక్‌పేట నుంచి వచ్చే ఒకావిడ, అందరికీ అక్క. విదేశంలో ఉన్న పెద్ద మేనేజరు తెర మీద వీడియో కాల్‌లో కూర్చున్నాడు. ఆ కాల్ నడిపించేది కూడా ఆ ముప్పై మెషీన్లలో ఒకటే. ఆ సంగతి అక్క నాకు ముందే చెప్పింది, నేను పట్టించుకోలేదు. నా ఫైలును సెకనుకొకసారి చదివే ప్రోగ్రామును నడిపించాను. ముప్పై మెషీన్లను నిలబెట్టి లెక్కపెట్టడానికి దాదాపు సెకనంతా పట్టింది. లెక్క అయిపోగానే మళ్ళీ లెక్క. మేనేజరు నోరు సగం తెరిచి ఆగిపోయాడు. కాసేపటికి ఒక ముక్క మాట పలికి, కన్ను మూస్తూ మళ్ళీ ఆగిపోయాడు. పక్క గదుల్లోంచి ఏమైందంటూ జనం బయటికొచ్చారు. నేను మాత్రం అంకెల్నే చూస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు. నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి.

"తమ్మీ, లెక్క మస్తు కరెక్టుంది" అంది అక్క నెమ్మదిగా. "లెక్కవెట్టనీకె పనే లేకుంట జేసినవ్."

"కదిలేదాన్ని లెక్కపెడితే అది లెక్క గాదక్కా, అందాజా."

"అందాజానే గావాలె. మా బాపు సిటీ బస్సు కండక్టర్. నడిచే బస్సులనే తలకాయలు లెక్కవెట్టేటోడు. ఒకడు దిగుతడు, ఇంకోడు ఎక్కుతడు, ఒకటి అటిటు అయితది. అయితె ఏంది?"

"మీ బాపు లెక్క వేరు, మా ఇంటి లెక్క వేరు" అన్నాను. అనకూడని మాట. అప్పుడు తెలియలేదు.

ఆమె కోపగించుకోలేదు. "ఔ, వేరే. మా బాపు లెక్కతోని బస్సు చార్మినార్ దాక పోయేది" అంది. "శుక్రారం దాక టైమిస్తున్న. ఆ ఆపుడు తీసెయ్యి. లేకుంటె నీ నౌకరీ కాయితం మీద నేను సంతకం వెట్ట."

ఇంటికి వెళ్ళి రాజీనామా రాశాను. మూడు పేజీలు వచ్చింది, మొదటి పేజీలో మా ముత్తాతగారి తండ్రి వరకే. దాన్ని తీసుకెళ్ళి అవ్వకు చదివి వినిపించాను. తాతగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. అవ్వ చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విన్నది.

"ఇంత లొల్లి ఎందుకు బిడ్డా?"

"ఇజ్జత్ కోసం అవ్వా. తాతగారి గిన్తీ ఎన్నడన్న తప్పిందా?"

"తప్పలే" అంది. తర్వాత ఆమెకు నవ్వాగలేదు. "ఎట్ల తప్పుతది? ఆ బిందెలు, గంగాళాలు ఒక్కొక్కటే నేనే అమ్ముకుంట వస్తి. మీ నాయిన సదువుకు కొన్ని, మీ మేనత్త కాన్పుకు కొన్ని. గిన్తీ ఉన్ననాడు పొద్దుగాల్నే పక్కింటి సేఠమ్మ తాన అన్నే అడుక్కొచ్చి వరసగ వెడ్తుంటి. మీ తాత తలుపులు మూసి, అందర్ని నిలవెట్టి లెక్కవెడ్తుండె. తలుపులు తెర్వంగనే సేఠమ్మ పనిమనిషి ఎత్తుకవోతుండె."

"తాతకు తెల్వదా?"

"ఏమో మరి. గిన్తీ అయినంక ఆయన ఆ బిందెల అర్ర దిక్కు ఎన్నడు మర్లి సూడలే."

ఆ మాట తర్వాత ఆ మూడు పేజీలు ఏంచేయాలో నాకు తోచలేదు. అవ్వే అడిగి తీసుకుని, గింజలు అందులో పోసి పొట్లం కట్టింది.

శుక్రవారం ఆ ఏర్పాటు తీసేశాను. ఒప్పుకుని తీయలేదు, అది స్పష్టంగా చెబుతున్నాను. ప్రతి మెషీనూ నడుస్తూనే తన అంకె తాను రాసుకుంటుంది, చదివేవాడు పోతూ పోతూ చదువుకుంటాడు. వివరణ పత్రంలో మాత్రం 'ఈ అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు' అని ఒక వాక్యం చేర్చాను. అక్క దాన్ని చదివి "గింత కోపమెందుకు తమ్మీ" అంటూనే ఉంచనిచ్చింది, సంతకమూ పెట్టింది. వాళ్ళ బాపును గురించి అన్న మాటకు నేను క్షమాపణ చెప్పుకోవడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఆమెకు అది గుర్తే లేదంది. గుర్తున్నదని నా అనుమానం.

ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది. తెరిచినప్పుడల్లా అంకెలు ఒకటో రెండో తేడా వస్తాయి, చూడగానే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంట తగ్గాక, మే నెలలో కోటు వేసుకుని ముప్పై యంత్రాలను నిలబెట్టి కళ్ళు తుడుచుకున్న ఆ కుర్రవాడు కనబడతాడు. వాడిని కోప్పడాలనిపించదు, కోటు విప్పి కాస్త గాలి పోసుకోమని చెప్పాలనిపిస్తుంది. నౌకరీ పక్కా అయిన నెలలో నాన్నగారు నా ముందు ఒక కాగితం పెట్టారు. పరువు పోతుందని ఏడాదిగా నేను చదవడానికి కూడా ఒప్పుకోని అమ్మకం కాగితం అది. ఈసారి చదివి సంతకం పెట్టాను. ఇంటి వెనకనున్న గుర్రపుశాలను చెప్పుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయనకు అమ్మేశాం.