అన్నయ్య బొటనవేలు

మామిడికాయను ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కి, ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పేవాడు మా అన్నయ్య. నూజివీడులో కాయల వ్యాపారం అతనిది. మూడ్రోజులన్నాడంటే మూడ్రోజులే. కెమిస్ట్రీ చదివి కాలేజీ ల్యాబులో బ్యాటరీల మీద పనిచేసేది నేనైనా, ఇంట్లో తెలివైనవాడు అతనే.

మామూలు లిథియం బ్యాటరీలో మంట అంటుకునే ద్రవం ఉంటుంది. దాని బదులు పల్చటి పాలిమర్ పొర పెట్టాలని నా ప్రయత్నం. అది కారదు, అంత తేలిగ్గా అంటుకోదు. లోపల లిథియం లోహాన్నే వాడితే అంతే బరువులో ఎక్కువ కరెంటు నిలవ ఉంటుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది. మా పొర అరవై డిగ్రీల వేడిలో బుద్ధిగా పనిచేసి, బయట మామూలు వేడిలో పెట్టగానే మొరాయించేది. ఏళ్లు గడిచాయి.

కిందటి కాయల సీజన్లో అన్నయ్య ఫోన్ చేశాడు. రెడ్డిగూడెం తోటలకు తిరగడానికి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడప్పటికి.

"బ్యాటరీ ఒక పక్క కాస్త ఉబ్బిందమ్మా. నొక్కి చూశా, గట్టిగానే ఉంది. ఫర్లేదంటావా?"

ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదని నాకు తెలుసు. నేను జీతం తీసుకునేదే అందుకు. కానీ చేతిలో అప్పుడే ఆరిన పొర ఉంది, చెమ్మ తగిలితే వారం పని గోవిందా.

"ఆదివారం వచ్చి చూస్తాలే అన్నయ్యా" అని పెట్టేశాను. ఛార్జింగ్ పెట్టొద్దన్న ఒక్క మాట అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, బ్యాటరీని స్కూటర్లోంచి ఊడదీసి, కాయలు మాగబెట్టే షెడ్డులో ఛార్జింగ్ పెట్టాడు. చుట్టూ వరిగడ్డి. భగ్గుమన్న బ్యాటరీని బయటికి విసరబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. చర్మం అతికించారు. వేళ్లు వంగుతున్నాయి గానీ వాటికి స్పర్శ రాలేదు.

"నువ్వు చదివింది ఇదేగా?" అని వదిన ఆసుపత్రిలో ఒక్కసారే అడిగింది. అన్నయ్య అదీ అడగలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఈ ఏడు మా పొర మామూలు వేడిలో కూడా కాస్త పనిచేయడం మొదలుపెట్టింది. సిగ్గులేకుండా ఆ సంగతి చెబుదామని వెళ్లాను. అన్నయ్య కొత్త షెడ్డులో గడ్డి ముందు కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా రెండు అరచేతుల మధ్య ఒక కాయ పట్టుకుని చాపాడు.

"నొక్కి చూడమ్మా. ఎన్ని రోజులు?"

ముచ్చిక దగ్గర నొక్కాను. నాకేం తెలుస్తుంది?

"గట్టిగానే ఉంది అన్నయ్యా."

అతను కాయ తీసుకుని మళ్లీ గడ్డిలో పెట్టాడు.

"సరే, ఆదివారం చూద్దాంలే" అన్నాడు.